కొసరుగా వచ్చిన ప్రాసెసర్

ఆ రోజుల్లో బేరమాడకుండా కొన్న వస్తువు ఇంట్లో అచ్చిరాదని నమ్మేవాణ్ణి. ఆ నమ్మకంతోనే, మా వైపు ఇంతవరకు ఎవరూ చెయ్యని పని ఒకటి చేశాను. విజయనగరంలో ఒక కంప్యూటర్ల దుకాణంలో సర్వరు యంత్రం కొని, దాని మీద రెండో ప్రాసెసర్‌ని కొసరుగా పట్టాను. పండగ తగ్గింపు కాదు, లాటరీ కాదు, అచ్చంగా నోటితో సంపాదించాను. అంతకంటే తెలివితక్కువ పని నా జన్మలో మరొకటి చెయ్యలేదు గానీ, చేసిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి మీసం మీదికి పోతుంది. (అప్పటికి మీసం సరిగ్గా రాలేదు, అది వేరే సంగతి.)

మాది కోటబొమ్మాళిలో కిరాణా కొట్టు. కందిపప్పు తూచాక పైన ఒక పిడికెడు వెయ్యకపోతే కొన్నవాడు సంచీ మూతి కట్టడు. మేం హోల్‌సేల్‌కి వెళ్తే ఆ పిడికెళ్ళన్నీ అక్కడ రాబట్టకుండా రాం. నాన్న నాకు అక్షరాలకంటే ముందు నేర్పిన మాట "మరి కొసరో?" ఈ చదువుకి తోడు ఇంజనీరింగ్ కూడా పూర్తిచేసి, విజయనగరంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. యజమాని ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పినాయన, అందుకని ఆయన మాకు మేస్టారు. ప్రోగ్రాములన్నీ రాసేది పొందూరక్క. (వాళ్ళింట్లో నూలు వడికేవారు; కోడులో ఒక్క పోగు తప్పినా ఆవిడ కంటికి చిక్కేది.) మూడోవాణ్ణి నేను. నేను రాసిన కోడు కంటే తెచ్చిన తగ్గింపులే ఎక్కువ కావడంతో కొనుగోళ్ళు నాకు అప్పగించారు.

మాకు దొరికిన మొదటి పెద్ద పని, నాన్నకి సరుకు వేసే హోల్‌సేల్ వర్తకుడిది. బజారంతా ఆయన్ని నూనెడబ్బాల పెదనాన్న అనేది. రెండు జిల్లాల చిల్లర కొట్లవాళ్ళు కూర్చున్నచోటు నుంచే సరుకు రాసుకోవాలి. నిల్వ, లారీ, బాకీ అన్నీ ఒక్కచోట కనిపించాలి. ఇలాంటి వెబ్ అప్లికేషన్ కింద అప్లికేషన్ సర్వర్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. మేం రాసిన ప్రోగ్రాం కొట్లో సరుకైతే, అది గల్లా దగ్గర పెద్ద గుమస్తా: ఎంతమంది ఒకేసారి వచ్చి పడ్డా ఒకరి లెక్క ఇంకొకరి లెక్కలో కలవనివ్వదు. అలాంటివి ఉచితంగానూ దొరుకుతాయని అక్క చెప్పి చూసింది. పెదనాన్న తల అడ్డంగా ఊపాడు. "ఊరికే వచ్చినోడు ఊరికే ఎలిపోతాడమ్మా. డబ్బు పుచ్చుకున్నోడైతే ఫోనెత్తుతాడు" అన్నాడు. ఊరికే వచ్చే కొసరుకి కూడా ఆ మాట వర్తిస్తుందని నాకు అప్పుడు తట్టలేదు. చివరికి లైసెన్సు కట్టి వాడుకునేదే ఖాయమైంది. ఒక్క ప్రాసెసర్ ఉన్న యంత్రం చాలని అక్క లెక్క వేసింది, ఆ లెక్కకే పెదనాన్న అడ్వాన్సు ఇచ్చాడు. అక్కకి ఆగిపోయిన జీతం కూడా అందులోంచే రావాలి.

దుకాణం యజమానిని ఊళ్ళో అందరూ బావ అనేవారు. ఆ పూటంతా ఆయన ఎదురుగా కూర్చున్నాను. టీ ఇస్తే తాగలేదు (తాగితే మొహమాటం వస్తుంది). వెళ్ళిపోతున్నట్టు లేచి గుమ్మం దాకా పోయి మళ్ళీ వచ్చాను. ధర అణా దిగలేదు. కొసరు మాటెత్తితే మౌసు ఇస్తానన్నాడు, క్యాలెండరు ఇస్తానన్నాడు. అంతలో మూత తీసి ఉన్న యంత్రంలో, ప్రాసెసర్ పక్కనే దానంతే ఖాళీ చోటు నా కంట పడింది.

"అదేటి బావా, ఒంటరిగా ఉన్నాది? దానికో జత ఎయ్యి."

"ఒరే, ఇది పప్పనుకున్నావేటిరా?"

అనుకున్నాను. సాయంత్రానికి ఆయనా అనుకున్నాడు. ఎవరో రద్దు చేసుకున్న ఆర్డరు తాలూకు ప్రాసెసర్ బీరువాలోంచి తీయించి పెట్టించాడు. మరికొన్నాళ్ళు తన గుమ్మం ఎక్కొద్దని కూడా చెప్పాడు.

మర్నాడు లైసెన్సు అమ్మే కంపెనీకి నేనే ఫోన్ చేశాను. అవతల ఒక కుర్రాడు, మాటల్లో పంచదార. యంత్రం వివరాలు అడిగాడు. గొప్పలు చెప్పమని నన్నెవరూ అడగలేదు. "ప్రాసెసర్లు రెండండి, రెండోది కొసరు" అన్నాను. అవతల టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది. వచ్చిన కొటేషన్ చూస్తే మేం అనుకున్నదానికి సరిగ్గా రెట్టింపు. పొరపాటు పడ్డారని మళ్ళీ ఫోన్ చేశాను. అతను ఎంతో ఓపిగ్గా చెప్పాడు. లైసెన్సు కోర్ల లెక్కన అట. కోర్ అంటే ప్రాసెసర్లో పనిచేసే ఒక్కో చెయ్యి. ఆ చేతులు పనిచేసినా, ముడుచుకు కూర్చున్నా, డబ్బాలో ఉన్నన్నిటికీ కట్టాల్సిందే. ఊరికే వచ్చిందని రాసుకోవడానికి వాళ్ళ ఫారంలో చోటు లేదట. బేరమాడకుండా ఫోన్ పెట్టెయ్యడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఒక్కటే ఉందని చెప్పేస్తే పోలేదా అని మేస్టారి దగ్గర నసిగాను. రేపు తనిఖీకి వస్తే వాళ్ళు నిలబడేది పెదనాన్న గుమ్మం ముందని ఆయన అన్నారు. శుక్రవారం పెదనాన్న కొట్లో సర్వరుకి పూజ, ఆలోగా రెండోది డబ్బాలోంచి బయటికి రావాలి, తీసేసినట్టు ఫోటో తీసి లైసెన్సు కంపెనీకి పంపాలి. లేకపోతే శనివారం నుంచి నేను కోటబొమ్మాళిలో బెల్లం తూచుకోవచ్చు. అక్క తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"ఒరే తమ్ముడా, నా జీతం ఆ డబ్బాలో కూసున్నాదిరా. ఎలగ దింపుతావో దింపు."

సర్వరుని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ ఆ గుమ్మమే ఎక్కాను. బావ నన్ను చూడగానే గల్లాపెట్టె మూశాడు.

"బావా, కొసరు ఎనక్కి తీసీసుకో."

నేను కొటేషన్ చూసినప్పుడు నా ముఖం ఎలా ఉందో ఆయన ముఖంలో చూశాను. కుర్చీలోంచి లేచి, వీధిలో ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

"ఏటన్నావు? మా తాత ఉప్పమ్మినాడు, మా అయ్య గుడ్డలమ్మినాడు. కొసరు ఎనక్కి తెచ్చినోడిని నాను సూడనేదు. నలుగురూ ఇంటే నా సరుకు పుచ్చనుకోరేటి?"

ప్రాసెసర్లో లోపం లేదని, లోపం నాలోనే ఉందని ఒట్టు పెట్టాల్సొచ్చింది. అయినా వెనక్కి తీసుకోనన్నాడు. పోనీ పీకి నా చేతికిమ్మన్నాను. తన మెకానిక్కే తియ్యాలి, లేకపోతే వారంటీ పోతుంది. దానికి కూలి ఇంత అని చెప్పి, అలవాటుగా వెనక్కి వాలి నా బేరం కోసం ఎదురు చూశాడు. లేచి వెళ్ళిపోగలిగినవాడికే బేరం. ఎక్కడికి వెళ్తాను? డబ్బు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"అదేట్రా, అడగవా? ఒంట్లో బాగానే ఉన్నాదా?"

ఆ రోజు టీ తాగాను. పని అయ్యాక గుమ్మం దిగుతుంటే నోరు దానంతటదే "మరి కొసరో?" అంది. బావ ముఖం విప్పారింది. పీకిన ప్రాసెసర్‌ని కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు.

శుక్రవారం పెదనాన్న కొబ్బరికాయ కొట్టాడు. మొదటి ఆర్డరు మా కోటబొమ్మాళి కొట్టు నుంచే వచ్చింది, వెనకే నాన్న ఫోను.

"అంతా బాగున్నాది గానీ, కొసరుకెక్కడ నొక్కాలిరా?"

ఆ మీట పెట్టలేదన్నాను. ఎందుకు పెట్టలేదో మాత్రం చెప్పలేదు. పక్కన అక్క పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు సర్వర్లూ లైసెన్సులూ కొనిపెట్టడమే నా ఉద్యోగం. ఎవరైనా ఫలానాది ఉచితం అంటే, ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, అసలు ఖర్చు ఎక్కడుందో అడుగుతాను. ఆ ప్రాసెసర్ నాన్న బల్ల మీద, ఫ్యాను గాలికి చీటీలు ఎగరకుండా పడి ఉంటుంది. కొట్టుకి వెళ్ళినప్పుడల్లా దాన్ని చూస్తే ఆనాటి కుర్రాడి మీద జాలి, నవ్వు కలిసి వస్తాయి. ఇక దాచకుండా లెక్క చెప్పాలంటే: రెండో ప్రాసెసర్ ఖరీదు, ఏమీ లేదు. పెట్టించిన కూలి, ఏమీ లేదు. పీకించిన కూలి, నా నెల జీతంలో సగం. లైసెన్సు, మొదట అనుకున్నంతే. అక్క జీతం, పూర్తిగా ముట్టింది. నా ఉద్యోగం, మిగిలింది. ఆటోకి రానూ పోనూ, వాడు అడిగినంత. ఈ ఒక్క పద్దు నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు.