సున్నా అంటే పంపేసినట్టే

మొన్న పోర్ట్ బ్లెయిర్ హాడోలో మా క్వార్టర్ వరండాలో కూర్చుని మేనకోడలు ల్యాప్‌టాప్‌లో నా పాత ప్రోగ్రాంను మొట్టమొదట రాసిన రూపం నుంచీ చదువుతోంది. మా ఆఫీసులోనే దాని ఉద్యోగం. దీవుల మధ్య సందేశాలు పంపే పాత రేడియో లింకును కొత్త మెషీన్లకు మార్చే పని దాని నెత్తిన పడింది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటుంది గానీ నా కోడ్ మాత్రం గడగడా చదివేస్తోంది. "మావయ్యా, ప్యాకెట్ పోకపోయినా సున్నా రిటర్న్ చేశావేంటి? పక్కన చల్ జాయేగా అని కూడా రాశావ్" అంది నవ్వుతూ.

అది డ్రైవర్ ప్రోగ్రాం. కంప్యూటర్ ఇచ్చిన సందేశాన్ని, అదే ప్యాకెట్‌ను, రేడియో పెట్టెకు అందించడం దాని పని. అందిస్తే సున్నా చెప్పాలి, పెట్టె నిండి ఉంటే ఎర్రర్ కోడ్ చెప్పాలి. సున్నా వస్తే తెర మీద "పంపబడింది" అని పడుతుంది. లింకు ప్రారంభోత్సవం రోజు పెద్దాఫీసరు ముందు ఎర్రర్లు కనపడకూడదని, పట్టని ప్యాకెట్‌ను పారేసి సున్నా చెప్పేలా రాశాను. ఆ ఒక్క రోజుకే అనుకున్నాను. దండలు వాడిపోయాయి, సున్నా ఉండిపోయింది. మా దీవుల్లో చల్ జాయేగా, నడిచిపోతుందిలే అనుకున్న పనిని మళ్లీ ఎవరూ ముట్టుకోరు, అందులో నేనే మొదటివాణ్ణి.

అప్పట్లో ఉత్తరాన ఉన్న మాయాబందర్‌లో ఆ లింకు ముందు కూర్చునేవాడు మా బావ, ఈ పిల్ల తండ్రి. ఒక వానాకాలం, కాలు కుళ్లిపోతున్న జాలరి కోసం హెలికాప్టర్ పంపమని పోర్ట్ బ్లెయిర్‌కు సందేశం కొట్టాడు. తెర "పంపబడింది" అంది. ఇక్కడికి ఏమీ రాలేదు. మూడో రోజు ఓడలో చేరిన ఆ మనిషికి కాలు తీసేశారు. పంపకుండానే పంపానన్నాడని బావకు మెమో ఇచ్చారు. "నువ్వైనా చెప్పవోయ్ వాళ్లకి. మైనే ఖుద్ దేఖా, నా కళ్లతో చూశా, తెర మీద పంపినట్టే పడింది" అన్నాడు ఫోన్లో.

తప్పు నా సున్నాదేనని నాకు అప్పటికే తెలుసు. ఆ వారమే గుట్టుగా సరిచేశాను. నోరు మాత్రం విప్పలేదు, ప్రమోషన్ దగ్గర పడింది మరి. ఆ తర్వాత బావ ఏ సందేశం పంపినా అవతలికి ఫోన్ చేసి అందిందా అని అడిగేవాడు. ఆఫీసంతా నవ్వేది. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. అబద్ధాలకోరన్న పేరుతోనే రిటైరయ్యాడు, పోయినేడు పోయాడు. ఆ మెమో కాగితం అక్క బీరువాలో ఇంకా ఉంది.

మేనకోడలు తెర కిందికి జరిపింది. ఆ సున్నాను తర్వాత దిద్దిన మార్పు, దిద్దినవాడి పేరు, తేదీ అక్కడుంటాయి. దాని నవ్వు ఆగిపోయింది.

"ఇది నాన్నకి మెమో వచ్చిన వారమే కదా మావయ్యా" అంది.

ఆ సున్నాను దిద్దడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది. ఆ సంగతి బావకు చెప్పడానికి ఆయన బతికినన్నేళ్లూ చాలలేదు.