దుమ్ము పట్టని డెన్మార్క్ అల్మారాలు

"పొద్దుగాల సంది గా చెక్కనే రుద్దుతున్నవ్. జర నన్ను సుత సూడు," అన్నాను.

"నువ్వు గంత నున్నగ లేవే," అని నవ్వి, నూనె గుడ్డ కింద పడేసి నా మొగుడు ఎల్లారెడ్డి ఊరికి పోయే బస్సెక్కాడు. మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. బస్సులోనే గుండె ఆగింది.

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. శవాలను పూడ్చే బొందలగడ్డ పక్క మడిలో నాట్లేసిన దాన్ని. ఇప్పుడూ నమ్మను. నాకు రాయడం సరిగ్గా రాదు. నేను చెబుతుంటే మా తమ్ముడి బిడ్డ లత రాస్తోంది.

ఆయన దుబాయిలో ఒక డెన్మార్క్ సాబు ఇంట్లో పని చేశాడు. సాబు దేశం వెళ్లిపోతూ రెండు పుస్తకాల అల్మారాలు ఇచ్చాడు. వాళ్ల తాతల కాలంవి. అక్కడ ఇళ్లకు నక్షాలు గీసే ఒకాయన గీసి ఇస్తే చేసినవట. వెతికినా ఒక్క మేకు కనబడదు. అరలు తీసి మనకు కావలసిన ఎత్తులో పెట్టుకోవచ్చు. మా కామారెడ్డిలో దుబాయి పోయిన అందరి మొగుళ్లూ కార్గోలో టీవీలు, కంబళ్లు పంపితే ఈయన ఇవి పంపాడు. మా ఇంట్లో పుస్తకమే లేదు. నేను పప్పు డబ్బాలు పెట్టాను. ఆయన వారం వారం ఆ డబ్బాలు దింపి, అక్కడి నుంచి తెచ్చిన నూనెతో తుడిచేవాడు. మళ్లీ వారానికల్లా అది ఆరిపోయేది.

ఆయన పోయిన నక్షత్రం మంచిది కాదు, కొన్ని నెలలు ఇల్లు విడిచిపెట్టాలి అన్నారు పంచాంగం చూసిన అయ్యగారు. డబ్బాలు మూటగట్టుకుని, తాళం వేసి, ఎల్లారెడ్డిలో తమ్ముడింటికి పోయాను. తాళంచెవి నా నడుముకే ఉంది.

గడువు తీరాక లత, మా మరిది మల్లేశం, నేను వెళ్లి తలుపు తీశాం. పట్టపగలు. తాళం తుప్పు పట్టింది. కిటికీల గడియలు లోపల వేసినవి వేసినట్టే ఉన్నాయి. నేల మీద దుమ్ములో మా అడుగులే పడ్డాయి. తలుపు చౌకట్టుకు చెదలు.

అల్మారాల మీద దుమ్ము లేదు. వేలు పెడితే నూనె అంటింది. అదే వాసన. నూనె డబ్బా ఆయన పోయిన రోజే ఖాళీ అయింది. గుడ్డ ఎండి అప్పడమైంది.

మల్లేశం చెప్పులు వదిలేసి బయటికి ఉరికాడు. "వదినె, అన్న పానం గా అల్మారలల్లనే ఉన్నది! కాలవెడ్దం. లేకుంటే ఆయన పోడు!"

"పోకుంటే ఉండనియ్యి. ఆయన ఇల్లు గాదా? ముందుగాల నీ చెప్పులు తీస్కపో."

సాయంత్రం నలుగురిని వెంటేసుకొచ్చాడు. నేను గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాను.

"నన్ను కాలవెట్టి గవి ముట్టుర్రి," అన్నాను. గొణుక్కుంటూ పోయారు.

చెక్కపని చేసే వడ్లాయనను పిలిచి చూపించాను. వానలకు చెక్క చెమర్చిందేమో అన్నాడు. మరి ఈ వాసన ఎక్కడిదని అడిగితే సంచి సర్దుకుని పోయాడు.

ఎలా జరిగిందో నాకూ తెలియదు. తెలియనంత మాత్రాన వాటిని కాల్చాలా? అదే గదిలో ఒక్కదాన్నే పడుకుంటున్నాను.

"లతా, మొదటి సంది సదువు బిడ్డా. నేను భయపడ్డ అని యాడన్న రాసినవా ఏంది? రాస్తే కొట్టేయి."