నీళ్ళను బట్టి సోడా

ఈ ఉదయం నల్లా రాలేదు. బోరు నీళ్ళతో కడిగిన గాజు గ్లాసు అందుకుంటే వేళ్ళకు సన్నని జిడ్డు తగిలింది. ఎంత సబ్బు పెట్టి తోమినా పోకుండా, ఎండాక తెల్లని పొరగా మిగిలే జిడ్డు. ఆ స్పర్శకు నలభై ఏళ్ళ కిందటి నాగర్‌కర్నూలు దవాఖాన, దాని వెనక బోళ్ళు తోమే బండలు, వాటి పక్కన గొంతుకూర్చున్న చంద్రక్క ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. గ్లాసు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

చంద్రక్క ఆ దవాఖానలో పెద్ద ఆయా. గద్వాల నేతగాళ్ళ ఇంటి ఆడబిడ్డ. అప్పటికే నలభై ఐదేళ్ళు దాటి ఉంటాయి. భర్త లేడు, పిల్లలు లేరు. నేను ఖిల్లా ఘణపూర్ దగ్గర సేద్యం చేసుకునే ఇంటి కోడలిని. నా భర్త జ్వరంతో పోయాక, మరిది ఇంట్లో ముద్ద ముద్దకూ మాట పడలేక, నాలుగేళ్ళ కూతురిని చంకనెత్తుకుని వచ్చి ఆ దవాఖానలో పనికి కుదిరాను. కాన్పుల వార్డులో బోళ్ళు, పసిపిల్లలకు పాలు పట్టే గిన్నెలు, మందు సీసాలు తోమడం నా పని.

నేను చేరిన ఏడాది ఎండాకాలంలో దవాఖాన బావి ఎండిపోయింది. ఊరి బయట కొత్తగా తవ్విన బావి నుంచి నీళ్ళు తెప్పించారు. ఆ రోజు నుంచి నా చేతికి ఏమైందో తెలియలేదు. ఎంత రుద్దినా పాలగిన్నెల అడుగున జిడ్డు, సీసాల నిండా తెల్లపొర. ఆ జిడ్డులో పాలు పులిసి వాసన వేసేవి. ఒక పసివాడికి విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టర్ సాబు ఆ గిన్నెను వాసన చూసి నా కాళ్ళ ముందు విసిరికొట్టాడు.

"కామ్‌చోర్! రేపటి నుంచి పనికి రావద్దు."

మళ్ళీ మరిది గడప తొక్కడమే గతి అనుకుంటూ ఆ గిన్నెను ఏరుకున్నాను. అప్పుడు చంద్రక్క కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"జర ఆగుండ్రి సాబ్."

రెండు ఖాళీ సీసాలు తెచ్చింది. ఒకదాంట్లో కొత్త బావి నీళ్ళు, ఇంకోదాంట్లో చెరువు నీళ్ళు పోసింది. రెండింటిలో సమానంగా సబ్బు తురుము వేసి గిలకరించింది. చెరువు నీళ్ళ సీసాలో మెడ దాకా నురుగ లేచింది. బావి నీళ్ళలో నురుగే లేదు. విరిగిన పాలలాగా తెల్లని తరకలు తేలాయి.

"గీ జిడ్డు సబ్బుదే సాబ్. ఉప్పునీళ్లల్ల సబ్బు గిట్లనే ఇరిగి గిన్నెకు అంటుకుంటది. గీమె చేతులు సూడుండ్రి, తోమితోమి పుండ్లయినయ్. పని దొంగ చేతులు గిట్లుంటయా?"

డాక్టర్ సాబు ఆ సీసాలను వెలుతురుకు పెట్టి చూశాడు. తర్వాత నా చేతులు చూశాడు. "మరి ఏం చేయాలి?" అన్నాడు మెల్లగా.

"ముందుగాల మసిలే నీళ్లల్ల బట్టల సోడా ఏసి తేరనియ్యాలె. పైన తేరిన నీళ్లు తీస్కొని, అటెన్క సబ్బు పెట్టాలె."

వారం తిరిగేసరికి సీసాలు మెరిశాయి. పసివాడు కోలుకున్నాడు. నా పని దక్కింది.

వానలు పడ్డాయి, పాత బావి నిండింది. నేను మాత్రం నేర్చుకున్న పనిని గొప్పగా చేస్తున్నాననుకుని అదే పిడికెడు సోడా వేస్తూ వచ్చాను. ఆ మంచినీళ్ళకు అంత సోడా ఎక్కువైంది. సత్తు గిన్నెలు నల్లబడ్డాయి, నా వేళ్ళ చర్మం ఊడింది. భయపడి గిన్నెలను గోనెసంచి కింద దాచాను. చంద్రక్క చూడనే చూసింది.

"నీళ్లు మారినయ్ సత్తెమ్మా. నీ పిడికిలే మారలే," అంది.

తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాను. ఆమె నన్ను కూర్చోబెట్టి నా వేళ్ళకు కొబ్బరినూనె రాస్తూ తన సంగతి చెప్పింది. వాళ్ళ నాయన పట్టునూలును సబ్బూ సోడా వేసిన నీళ్ళలో ఉడికించేవాడట. అప్పుడే జిగురు పోయి పట్టుకు మెరుపు వస్తుంది. ఆమెకు పదిహేనేళ్ళప్పుడు, ఆయన మంచాన పడితే ఆ పని ఈమె చేసింది. దగ్గర్లో ఉందని వేరే బావి నీళ్ళు తెచ్చింది. సబ్బు విరిగి, ఒక పెళ్ళిచీర నూలంతా మచ్చలు పడిపోయింది.

"నాయిన కొట్టలే, తిట్టలే. గానీ మల్లెన్నడు నన్ను పట్టు ముట్టనియ్యలే. పెండ్లి జేసి పంపిండు. గిప్పటికి గూడ పట్టు ఉడికే వాసన యాదికొస్తే గద్వాలకు ఉరకాలనిపిస్తది."

నా చేతులు వదలకుండానే అంది. "నేను నిన్ను గట్ల చెయ్య. రేపు గూడ గిన్నెలు నువ్వే తోము."

రెండేళ్ళకు ఆమెను అచ్చంపేట దవాఖానకు మార్చారు. అక్కడికి వెళ్ళిన కొన్నాళ్ళకు బస్సు డ్రైవరు నాకొక సీసా తెచ్చి ఇచ్చాడు. నిండా నీళ్ళు, మూతికి గుడ్డ బిరడా. దానితో ఒక కబురు. "కండ్లకు పొరలొచ్చినయ్. నురుగ కానొస్తలేదు. సోడా ఎంతెయ్యాల్నో నువ్వు సూసి చెప్పు."

నేను సబ్బు వేసి గిలకరించి చూసి, బకెట్టుకు సరిపడే సోడాను కాగితంలో కట్టి అదే బస్సులో పంపాను. నాకు నేర్పిన మనిషి నా చూపును నమ్ముకుందని ఆ రోజంతా మనసు నిలవలేదు. అప్పటి నుంచి కాలం మారినప్పుడల్లా ఒక సీసా వచ్చేది. ప్రతి పొట్లంతోనూ "వస్తున్నా అక్కా" అని చెప్పి పంపేదాన్ని. ఒకసారి కూతురికి ఒంట్లో బాగాలేక, ఒకసారి సెలవు దొరక్క, ఒకసారి ఏ కారణమూ లేకుండానే, పోలేదు.

ఒక వానాకాలం సీసా రాలేదు. మూడు వారాలు చూసి డ్రైవరును అడిగాను.

"గామె పోయి నెల దాటింది గదమ్మా. నీకు ఎవ్వలు చెప్పలేదా?" అన్నాడు.

తర్వాత నేనూ పెద్ద ఆయానయ్యాను. నా కింద ఎందరో పనిచేశారు. పగలగొట్టినవాళ్ళు, మాడ్చినవాళ్ళు, పాడుచేసి దాచినవాళ్ళు. వాళ్ళలో ఒక్కరి చేతిలోంచి కూడా పని లాక్కోలేదు. ఆ మాట ఆమెకు ఎదురుగా కూర్చుని చెప్పాలనిపిస్తుంది. వెళ్ళి ఉంటే, చూపు లేకపోయినా నా చేతులు తడిమి, పుండ్లు మానిపోయాయని తెలుసుకునేది. ఒక్క పూట ప్రయాణం. అది నేను చేయలేదు.