నైరుతి మూల జెండా

మా మామయ్యగారికి ఎడమ కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్ మాటెత్తితే ముందు మామిడి కోతలన్నారు, కోతలయ్యాక మూఢమన్నారు. ఆ ఒంటికన్ను చూపుతోనే తిరువూరు నుంచి రెడ్డిగూడెం తోటకు బండి మీద వెళ్లేవారు. ఒకరోజు షేర్ ఆటోను తప్పించబోయి పక్కనున్న ఖాళీ చేలోకి దూసుకెళ్లారు. ఒళ్లంతా దుమ్ముతో ఇంటికొచ్చి, "ఆ ఆటోవాడికి కళ్లు కనపడవు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. భయమూ వేసింది.

ఆయన మాట మీద నిలబడేది ఒక్క ఆట దగ్గరే. మేమిద్దరం రోజూ యుద్ధం ఆట ఆడతాం. చెరో నలభై పావులు. ఎదుటివాళ్లకు వాటి వీపులే కనపడతాయి. ఏది సేనాధిపతో, ఏది బాంబో పెట్టినవాళ్లకే తెలుసు. వంతుకొక పావు జరపాలి. ఎదుటి పావును ఢీకొడితే రెండూ ముఖం చూపించాలి, పెద్ద హోదాదే గెలుపు. దాచిన జెండాను పట్టుకుంటే ఆట అయిపోయినట్టే.

బుద్ధున్నవాళ్లెవరైనా జెండాను వెనక వరసలో పెట్టి చుట్టూ బాంబులు పేరుస్తారు. మామయ్యగారి జెండా మాత్రం ఒకసారి వెనక ఎడమ మూల, ఇంకోసారి కుడి మూల, కొన్నిసార్లు ఏకంగా ముందు వరసలో, నా ముక్కు కిందే ఉండేది. ఫ్యాను గాలిని బట్టి ఆయన కుర్చీ మారేది, జెండా చోటూ మారేది. వేసవంతా ఓడిపోయాను. ఓడినప్పుడల్లా వంటింట్లో గిన్నెల మీద కసి తీర్చుకున్నాను.

ఒక ఆదివారం ఆయన ఫోనులో వినగడపలో ఉండే బావమరిదికి క్లాసు పీకుతున్నారు. "బీరువా తీసుకెళ్లి ఈశాన్యంలో పెడతావేంటయ్యా? విలువైందేదైనా నైరుతిలోనే ఉండాలి."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఓడిన ఆటలన్నీ గుర్తు తెచ్చుకున్నాను. ఆయన ఎటు కూర్చున్నా జెండా ఉన్నది ఆయన పావుల బారులో నైరుతి మూలే! పడమటి వైపు కూర్చుంటే అది వెనక వరసవుతుంది, తూర్పు వైపు కూర్చుంటే ముందు వరసవుతుంది. జెండా పోయినా ఫర్వాలేదు గానీ వాస్తు తప్పకూడదు.

సాయంత్రం పందెం వేశాను. "నేను గెలిస్తే ఆపరేషన్ చేయించుకోవాలి మామయ్యా."

"ముందు గెలువు అమ్మాయ్, చూద్దాం."

ఆయన తూర్పు వైపు కూర్చున్నారు. నా మూడో ఎత్తుకే ఆయన ముందు వరసలో నాకు కుడి కొసన ఉన్న పావును కొట్టాను. జెండా! లేచి గంతులేశాను. "నైరుతి కాపాడలేదేం మామయ్యా?" అని ఎగతాళి కూడా చేశాను.

ఆయన నవ్వలేదు. "మూఢం లేదు, గీఢం లేదు. కంట్లో కత్తి పెడతారంటే భయమేస్తోందమ్మా. మీ అత్తయ్యతో అనకు" అన్నారు.

నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ మొండితనమనుకుని ఆ పెద్దాయన మీద రుసరుసలాడాను. పక్కన కూర్చుని, "నేనూ లోపలిదాకా వస్తాను" అన్నాను.

"డాక్టరు ఒప్పుకోకపోతే?"

"పోట్లాడతాను."

అప్పుడు నవ్వారు. "అయితే రేపే వెళ్దాం. నువ్వు పోట్లాటకు దిగితే ఆ డాక్టరే భయపడతాడు. నాకు తోడుంటాడు."