ఒక్క సెకను కదలకండి

రత్నం మావయ్య లేడు.

నిన్న పొద్దున స్కూల్లో అటెండెన్స్ తీసుకుంటుంటే అమ్మ ఫోన్ చేసింది. "మావయ్య నిద్రలోనే పోయాడే" అంది. నేను "ఏ మావయ్య?" అన్నాను. నాకున్నదే ఒక్క మావయ్య. అయినా అలా అడిగాను.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట నిలబడి "కెమెరా ఎలా ఉందే?" అని అడిగాడు. నువ్వెలా ఉన్నావని ఎప్పుడూ అడగడు. కెమెరా బాగుంటే నేనూ బాగున్నట్టే ఆయన లెక్క.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. మావయ్య రాజమండ్రిలో బ్యాంకు క్లర్కుగా రిటైరయ్యాడు. కానీ మా సంఘంలో ఎవరింట్లో మనిషి పోయినా ముందు పాస్టరు గారికి, తర్వాత మావయ్యకి కబురు వెళ్ళేది. శవపెట్టె చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడితే, ఆ ఆఖరి ఫోటో తీసేది మావయ్యే.

నాకు ఫిల్మ్ పిచ్చి పట్టింది పోయిన ఏడాది. మీడియం ఫార్మాట్ కెమెరా కావాలి. పెద్ద ఫిల్మ్, రోల్‌కి పన్నెండే ఫోటోలు. టీచర్ జీతానికి అందేదై ఉండాలి, అదీ నా బాధ.

ఆన్‌లైన్‌లో చూసినవన్నీ మావయ్యకి చూపించాను. జపాన్ ఎస్సెల్లార్ కెమెరాలు నా స్థోమతకి అందవు. మడతపెట్టే బెలోస్ కెమెరా చవకే కానీ, "మన గోదావరి తేమకి ఆ తిత్తి చిల్లులు పడి వెలుగు దూరుద్దే, నీ ఫోటోలన్నీ తెల్లమొహం వేస్తాయి" అని కొట్టిపారేశాడు. ప్లాస్టిక్‌ది చూపిస్తే ఫోన్ నా చేతిలో పెట్టి లేచి వెళ్ళిపోయాడు.

చివరికి పెద్దాపురంలో మూసేస్తున్న ఒక స్టూడియోకి తీసుకెళ్ళాడు. అక్కడ మూడు పాత టీఎల్ఆర్‌లు ఉన్నాయి. పైనొకటి కిందొకటి రెండు లెన్సులు, తల వంచి పైనుంచి అద్దంలోకి చూడాలి.

నేను ఫోన్ టార్చ్ వేసి లెన్సుల్లో ఫంగస్ వెతుకుతున్నాను. మావయ్య ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, షట్టర్ ఒక సెకను పాటు తెరుచుకుని ఉండేలా పెట్టి నొక్కుతున్నాడు.

క్లిక్. జుర్ర్ర్. క్లిక్.

మొదటిది మధ్యలో ఇరుక్కుపోయింది. రెండోది తొందరపడింది. మూడోదాని దగ్గర కళ్ళు తెరిచాడు.

"ఇది తీస్కో అమ్మడూ. పాత కెమెరాల్లో ముందు పాడయ్యేది ఆ ఒక్క సెకనే. అది పలికితే మిగతావన్నీ పలుకుతాయి."

"అంత స్లోగా నేనేం తీస్తాను మావయ్యా?"

"చావింట్లో ఫ్లాష్ కొట్టకూడదు కదే" అన్నాడు, అదేదో నేను రోజూ వెళ్ళే చోటు అన్నట్టు.

ఆ సాయంత్రం తన పాత ప్రింట్లు ముందు పెట్టాడు.

వెలుగు సరిగ్గా లేని గదులు. ఒక్కో ఫోటోకి ఒక్కో సెకను. చుట్టూ నిలబడ్డవాళ్ళ మొహాలు చెదిరిపోయి ఉన్నాయి, కళ్ళున్న చోట మసక. పెట్టెలో మనిషి మాత్రం కనురెప్పల వెంట్రుకలతో సహా స్పష్టంగా ఉన్నారు.

ఒకటి రెండు కాదు. అన్నీ అంతే.

"ఒక్క సెకను కదలకండీ అని చెప్తాను. అందరూ ఊపిరి బిగబడతారు. అయినా బతికున్నోళ్ళు కదుల్తారు. నా మాట వినేది ఒక్కరే" అన్నాడు.

నా మొదటి రోల్ మావయ్య వాళ్ళింట్లోనే తీశాను. భోజనాలయ్యాక హాల్లో సోఫా మీద అమ్మ, మావయ్య, అత్తయ్య. ట్రైపాడ్ వేశాను. ఫ్లాష్ లేదు. ఒక సెకను.

ల్యాబ్ నుంచి ప్రింట్ రాగానే ఎగిరి గంతేశాను. అమ్మ, అత్తయ్య కొంచెం షేక్ అయ్యారు. మధ్యలో మావయ్య మాత్రం చొక్కా గుండీ దారాలు కనపడేంత షార్ప్‌గా వచ్చాడు. పరుగున తీసుకెళ్ళి చూపించాను.

చాలాసేపు చూశాడు. మెచ్చుకోలేదు.

"మీ అత్తయ్యకి చూపించకు" అన్నాడు. నవ్వి, "ఏమే, అప్పుడే తీసేశావా నన్ను?" అన్నాడు.

అప్పటికి గానీ నాకు వెలగలేదు.

ఆ తర్వాత మావయ్య ఏ ఫోటోలోనూ కుదురుగా నిలబడలేదు. బర్త్‌డేకి ఫోన్‌లో తీస్తున్నా తల ఊపేవాడు, చేతులాడించేవాడు. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఒకసారి వాళ్ళందరూ వెళ్ళాక అన్నాడు, "నా ఆఖరిది నువ్వే తియ్యాలి. ఇంకెవర్నీ రానివ్వకు."

ఈ రోజు మధ్యాహ్నం, భూస్థాపనకి ముందు, అదే హాల్లో తీశాను. సోఫా ఉండే చోట పెట్టె. ఎవరో ఫోన్ ఫ్లాష్ వెయ్యబోతే అత్తయ్య ఏడుస్తూనే అడ్డుకుంది. "వద్దండీ. ఆయనకి ఇష్టం ఉండదు."

తల వంచి అద్దంలోకి చూశాను. అందులో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. మావయ్య తల అటువైపు ఉన్నట్టు కనిపించింది.

"ఒక్క సెకను కదలకండి" అన్నాను.

క్లిక్. జుర్ర్ర్.

ఆ జుర్రుమనే చప్పుడు మధ్యలో, అద్దంలో, పెట్టె దగ్గర ఏదో కదిలింది.

కొవ్వొత్తి అయ్యుంటుంది. తలవైపు కొవ్వొత్తి వెలుగుతోంది. ఫ్యాన్ ఆపేసి ఉంది, కిటికీలు వేసి ఉన్నాయి. అయినా కొవ్వొత్తే అయ్యుంటుంది.

తలెత్తి చూస్తే అందరూ ఊపిరి బిగబట్టుకునే ఉన్నారు.

సమాధుల తోట నుంచి వచ్చాక స్నానం చేసి ఇది రాస్తున్నాను. కెమెరా టేబుల్ మీద ఉంది. రోల్ ఇంకా లోపలే ఉంది. ల్యాబ్‌కి పంపాలి, అత్తయ్య అడుగుతుంది. చెయ్యి రావడం లేదు.

ఫోటో షేక్ అవ్వాలని ఏ ఫోటోగ్రాఫరూ కోరుకోరు. నేను మోకాళ్ళ మీద ఉండి ప్రార్థించాను.

మావయ్యా, జీవితమంతా అందర్నీ కదలొద్దన్నావు. ఈ ఒక్క ఫోటోలో నువ్వు కొంచెం కదిలి ఉండు. రెప్ప చాలు.

ఆ తర్వాత ప్రభువు దగ్గర హాయిగా పడుకో. నేను ఇంక పిలవను.