బావ పోయాక వచ్చినవాళ్ళు

బేతంచెర్లలో మా ఇల్లు రైలుస్టేషను వెనక ఉండేది. నేను చిన్నకోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికే మా బావ, అంటే మా ఆయన అన్న, నాపరాతి గనుల కూలీల సంఘానికి పెద్దదిక్కు. గనిలో మందు పేల్చే ముందు కేక వేసి అందరినీ పైకి పిలవాలన్న కట్టడి ఆయన పోట్లాడి తెచ్చిందే. ఎవరికి దెబ్బ తగిలినా ఆయనే యజమానుల గుమ్మాల ముందు నిలబడేవాడు. జైలుకూ పోయొచ్చాడు. చివరికి చిన్నప్పటి నుంచి పీల్చిన రాతిదుమ్ము ఆయన ఊపిరితిత్తులను తినేసింది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం దగ్గుతూ దగ్గుతూనే పోయాడు.

ఆ తర్వాత కూడా ఆ గదిలోంచి నాకు దగ్గు వినిపించేది. చేతిలో చేట పక్కన పెట్టి పోయి చూసేదాన్ని. ఖాళీ మంచం. బావ భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమెకు ఈ సంగతి చెప్పడానికి ధైర్యం చాలలేదు.

ఆ ఏడు వానలు పడలేదు. ఒక పొద్దున, కోసిగి వైపు నుంచి ఎప్పుడో వలసొచ్చిన కూలీ ఒకాయన మా వాకిట్లో నిలబడ్డాడు.

"అన్న ఉండాడామ్మా? బండ జారి నా పెండ్లాం కాలు నలిగిపోయింది. ఇంగ పనికి రాదని మమ్మల్ని గుడిసె ఖాళీ చేయమంటాండాడు గని యజమాని."

నేను నోరు తెరిచేలోపే అక్క అంది: "లోపల ఉండాడప్పా. ఒళ్ళు బాగలేదు. నేను చెప్తాలే, నువ్వు కూర్చో."

అక్క గదిలోకి పోయి, మంచం పక్కన కూర్చుని, అతను చెప్పిందంతా మెల్లగా చెప్పింది. చెప్పి ఆగింది. కాసేపటికి తల ఊపింది. గడప దగ్గర నిలబడి, నేనూ చెవి ఒగ్గాను.

అక్క బయటికొచ్చి కొంగు నడుముకు చుట్టుకుంది. "పదప్పా."

ఇద్దరి వెంటా నేనూ గనికి నడిచాను. "ఈ పొద్దు ఎవరూ పనిలోకి దిగొద్దన్నాడు ఆయన" అంది అక్క, అందరికీ వినిపించేలా. కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఒక్కొక్కరే సమ్మెటలు కింద పెట్టారు. సాయంత్రానికి యజమాని దిగొచ్చాడు. ఆ కూలీ భార్యను బండల లారీలో కర్నూలు ఆసుపత్రికి పంపాడు. గుడిసె ఊసు మళ్ళీ ఎత్తలేదు.

కొన్నాళ్ళకు అతను, కర్ర ఊతంగా నడుస్తున్న భార్యను తీసుకొని వచ్చాడు. అక్క ఇక దాచలేకపోయింది.

"అప్పా, నీకు అబద్ధం చెప్పినా. ఆయన పోయి శానా దినాలాయె."

"తెలుసమ్మా. ఆ పొద్దు పాడెకు నేనూ భుజం పట్టినా."

"మరి అన్న ఉండాడా అని యాల అడిగితివి?"

"ఇంగ యాడికి పోవల్లో తెలీలేదమ్మా. కాళ్ళు ఈడికే తెచ్చినాయి."

బావ పోయినప్పుడు కంటతడి పెట్టని అక్క, ఆ రోజు ఏడ్చింది.

మరుసటి ఏడు మేడే ఊరేగింపులో జెండాను సంఘం వాళ్ళు ఆమె చేతికే ఇచ్చారు. ఇరుకు బజారు. జనం ఒకరినొకరు తోసుకుంటూ నడిచారు. అయినా అక్క కుడిపక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. పరుగెత్తుకొచ్చిన పిల్లలు ఆ చోట్లోకి పోబోతే, పెద్దవాళ్ళు చెయ్యి పట్టి పక్కకు లాగారు.