రెండు సంతకాలూ పడిన కేసు

1976 జూలైలో పాలకొల్లుకు దగ్గరలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, ప్రసూతి వార్డు స్టాఫ్ నర్సుగా చేరాను. గర్భస్రావం చట్టబద్ధమై అప్పటికి నాలుగేళ్లు. మూడు నెలల లోపైతే ఒక డాక్టరు చాలు. అది దాటి ఐదు నెలల లోపైతే ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుని సంతకం చేయాలి. చట్టం అడిగింది అంతే. మా వార్డు ఇంకొకటి అడిగేది: పనిలో పనిగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించుకోవాలని. ఎమర్జెన్సీ రోజులు, ఆ ఏడాది మా అందరికీ ఆపరేషన్ల టార్గెట్లు. నాది నిండలేదు.

కరుణ అనే కూలిమనిషి ఎనిమిది నెలల పిల్లను చంకనేసుకుని వచ్చింది. పాలిచ్చేటప్పుడు ముట్టు రాకపోవడం మామూలే అనుకుందట. కడుపులో కదలిక తెలిశాకే అనుమానం వచ్చింది. నాలుగున్నర నెలలు. ఒంట్లో రక్తం బొత్తిగా లేదు. డాక్టర్లిద్దరూ సంతకాలు చేసి వెళ్లారు. మంచం ఖాళీగా ఉంది. ఆపరేషన్ కాగితం తెచ్చి ముందు పెట్టింది నేనే.

“ఇది వద్దండి. పిల్లకింకా నడకే రాలేదు. పిల్ల నిలదొక్కుకున్నాక చూద్దాం లెండి,” అంది.

“ఏంటమ్మా, ఇదొద్దు, అదివ్వు అనడానికి ఇదేమన్నా సంతా?”

“సంతలో అయితే వద్దన్న వంకాయలు సంచీలో పడెయ్యరండి.”

వార్డంతా నవ్వింది. నోటి దురుసులో నన్ను మించినదాన్ని అక్కడ అదే మొదటిసారి చూడటం. నేనూ నవ్వేసి చేర్చుకోవలసింది. “మీ ఆయన్నడిగి సోమవారం రా” అని పంపేశాను. భర్త అనుమతి కావాలని కూడా చట్టంలో లేదు.

సోమవారం రాలేదు. గురువారం రిక్షాలో తెచ్చారు. కడుపు పోవడానికి ఊళ్లో ఎవరిచేతో పుల్ల పెట్టించుకుంది. ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది. పెద్దాసుపత్రికి పంపాం. గర్భసంచి తీసేస్తే గాని ప్రాణం నిలవలేదు.

కుట్లు విప్పించుకోవడానికి మా దగ్గరికే వచ్చింది. “నన్ను మీ టార్గెట్లో రాసుకున్నారాండి?” అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. నేను కత్తెర తీసుకుని మొదటి కుట్టు కత్తిరించాను.

పైవాళ్ల ఒత్తిడి అని చెప్పుకోవచ్చు. ఒత్తిడి నిజమే. సోమవారం రమ్మన్న మాట మాత్రం నాది.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు సర్వీసు చేశాను. నేర్చుకున్నది ఇంతే: మూడు నెలలు దాటిన కేసును సంతకాలు పడిన రోజే చేర్చుకోవాలి. తిప్పి పంపితే ఆమె మనసు మార్చుకోదు, మనిషిని మార్చుకుంటుంది. ఆ పని చేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లు ఏ షరతూ పెట్టరు.